దుబాసీగా నా రాజమండ్రి ప్రయాణం

కోరంగి కాలువ మీద రాజమండ్రి వెళ్ళదలచినవారికి మొదట చెప్పవలసింది ఒకటుంది. సరంగు చెప్పిన వేళకు పడవ కదలదు. తెల్లవారి ఆరు గంటలకన్నాడు. నేను ఐదున్నరకే పెట్టె పుచ్చుకొని రేవులో నిలబడ్డాను. ఏడుంబావుకు గాని తాడు కట్టలేదు. మార్గశిర మాసం, మంచు ఇంకా విడలేదు. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకొని ముందు నడుస్తుంటే వాళ్ళ వెనక పడవ సాగింది.

నేను వెళ్ళేది బడి పని మీద. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు కచేరీలో కొన్ని కాగితాలు ఇచ్చి రావాలి. టపాలో పంపితే సరిపోయేది. కాని మా హెడ్మాస్టరుగారు, "మీరైతే అక్కడ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి వస్తారండి" అన్నారు. ఆ ఒక్క మాటకే పొంగిపోయి బయల్దేరాను. మెట్రిక్యులేషన్ ప్యాసైన వాళ్ళు అప్పట్లో మా కాలువ పొడుగునా నలుగురో ఐదుగురో. అందులో నేనొకణ్ణి. కోటు లేకుండా రేవుకు కూడా వెళ్ళేవాణ్ణి కాదు.

పడవలో ఇరవై మంది దాకా ఉన్నారు. గూడు కింద చాప మీద నేనూ, రాజమండ్రిలో ఒక ప్లీడరుగారి దగ్గర పనిచేసే గుమాస్తా ఒకాయనా కూర్చున్నాం. నేను పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి తీసి, పక్కవాళ్ళకు వినపడేట్టు చదవడం మొదలుపెట్టాను. చదివిన దాంట్లో సగం నాకే తెలియలేదు. వినేవాళ్ళకు అసలే తెలియదు కనుక ఇబ్బంది లేకపోయింది.

పడవ ముక్కు దగ్గర, ఎండలో, ఒక పల్లెకారి మొగుడూ పెళ్ళాలు కూర్చున్నారు. అతని పేరు సింహాద్రి, ఆవిడ నూకాలు. తాళ్ళరేవు దగ్గర సముద్రపు పాయల్లో వేట వాళ్ళ బతుకు. సింహాద్రి కుడి చెయ్యి పాత పంచె ముక్కతో కట్టి ఉంది. బొప్పాయికాయంత వాచింది. కట్టులోంచి వచ్చే వాసనకు గుమాస్తాగారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఏమైందోయ్?" అని అక్కణ్ణించే అడిగారు.

నూకాలే చెప్పింది. "నెల్లాళ్ళయిందండి. వలలోంచి చేపలు తీస్తంటే జెల్ల ముల్లు దిగింది. మా ఊరి వైద్యుడు లాగేశాడు. మొత్తం వచ్చేసింది పొమ్మన్నాడు. రాలేదండి. నేను ఆ ముల్లు చూశాను, కొన లేదు. కొన లోపలే ఉంది. పెద్దాసుపత్రిలో దొరగారు కోసి తీస్తారని తీసుకెళ్తన్నాను."

జెల్ల మనకు తెలిసిన చేపే. దాని వీపు మీదా రెండు పక్కలా ఉండే ముళ్ళకు రంపపు పళ్ళుంటాయి. దిగేటప్పుడు సులువుగా దిగుతుంది, వచ్చేటప్పుడు మాంసాన్ని పట్టుకొని విరుగుతుంది. చేప కూర తినని నాకు కూడా ఆమాత్రం తెలుసు.

"దొరకు తెలుగు రాదుగా. నీ గోడు ఎవరు చెబుతారు?" అన్నారు గుమాస్తాగారు. అని, నా వైపు తిరిగి, "మేష్టారున్నారుగా! ఇంగ్లీషు నీళ్ళు తాగినట్టు మాట్లాడతారు. కాస్త ఆసుపత్రి దాకా వెళ్ళి చెప్పి పుణ్యం కట్టుకోండి" అన్నారు.

నూకాలు లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. "మీ పిల్లలు చల్లగుండాలి బాబూ. ఒక్క మాట చెబితే చాలు. ముల్లు లోపలుందని."

నాకు పెళ్ళి కూడా కాలేదు. అయినా ఆ దీవెన నాకు చెందవలసిందే అన్నట్టు తల ఊపాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక లాకు దగ్గర పడవ ఆగితే గట్టున చెట్టు కింద చద్దన్నం తిన్నాం. చీకటి పడే వేళకు కడియం లాకు చేరాం. పొద్దుగూకిన తరువాత తలుపులు తియ్యనన్నాడు లాకు జవాను. అక్కడే పడుకొని తెల్లవారగానే కదిలాం. ఎనిమిదిన్నరకు ధవళేశ్వరం. పడవకు మనిషికి మూడణాలు తీసుకున్నారు. అక్కణ్ణించి రాజమండ్రికి జట్కా ఎక్కవచ్చు, నడవవచ్చు. సింహాద్రికి కుదుపు పడదని నూకాలు నడుస్తానంది. నేను జట్కా ఎక్కి ముందు వెళ్ళాను. గోదావరిలో రైలు వంతెన స్తంభాలు కడుతున్నారు. అది చూస్తూ వెళ్ళినందువల్ల వాళ్ళ సంగతే మరిచిపోయాను. ఊళ్ళోకి వచ్చాక గుర్తొచ్చి ఆసుపత్రికి వెళ్ళాను.

ఆసుపత్రి పేరు రాయను. పదిన్నరకు వాళ్ళు వచ్చేసరికి నేను వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాను. నా ముందు ముప్ఫై మంది రోగులు నేల మీద కూర్చున్నారు. వాళ్ళను దొరగారి గదిలోకి పంపేది ఒక అసిస్టెంటు. నల్లకోటు, జరీ తలపాగా, జేబులో గడియారపు గొలుసు. మాటలో యాస ఎంత దాచినా కాకినాడ పక్కవాడని తెలిసిపోతోంది. అయినా ఆయన నోట తెలుగు రాదు. ఒక ముసలావిడ ముందు నిలబడి, "షో యువర్ టంగ్!" అన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. "టంగ్, టంగ్!" అన్నాడు. ఆవిడ రెండో చెయ్యి కూడా చాపింది. అప్పుడు మాత్రం ఆయనకు మాతృభాష గుర్తొచ్చి, ఆవిడ పుట్టుకను గురించి ఒక మాటన్నాడు. తిట్టడానికి తప్ప మరి దేనికీ తెలుగు పనికిరాదని ఆయన నమ్మకం కాబోలు.

ఇంకొకతను, ఏమడిగినా "యస్" అనడం మర్యాద అని ఎవరో చెప్పగా వచ్చినట్టున్నాడు. తలనొప్పా అంటే యస్. విరేచనం కావడం లేదా అంటే యస్. ఆముదం పట్టించి పంపారు. అతను వచ్చింది చెవిపోటుకు. బయటికి వచ్చి చెవి మూసుకొని కూర్చుంటే తెలిసింది.

ఇదంతా చూసి నేను నవ్వుకున్నాను. అసిస్టెంటును అసహ్యించుకున్నాను. నా వంటివాడు ఉండబట్టి సింహాద్రి బతికాడనుకున్నాను.

పదకొండుకు పిలిచారు. దొరగారు నడివయసు మనిషి, తల మీద వెంట్రుక లేదు. కట్టు విప్పి చూశారు. ముఖం చిట్లించలేదు. సింహాద్రి వేళ్ళు ఒక్కొక్కటీ పట్టి వంచబోయారు, వంగలేదు. అప్పుడు ఆయన నూకాలు వైపు తిరిగి, మెల్లగా, ఒక్కొక్క మాట కూడదీసుకొని, "ఏమి గుచ్చెను?" అన్నారు.

ఆ తెలుగు విని నాకు నవ్వొచ్చింది. ఎవరో శాస్త్రులుగారు పుస్తకం పెట్టి నేర్పిన తెలుగు. నూకాలుకు మాత్రం అర్థమైంది. "జెల్లండీ, జెల్ల" అని నోరు తెరిచింది.

నేను ఒకడుగు ముందుకు వేసి, "సర్, ఐ షల్ ఎక్స్‌ప్లెయిన్" అన్నాను.

దొరగారు హమ్మయ్య అన్నట్టు నా వైపు తిరిగారు. ఇక ఆయన నోట తెలుగు రాలేదు. ఇంగ్లీషు మొదలైంది. బళ్ళో మేం చదివే ఇంగ్లీషు ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఎడం ఉంచి నడుస్తుంది. ఈయనది పరుగెత్తింది. నేను వినడం మానేసి, నేను చెప్పదలచిన వాక్యం కూర్చుకున్నాను. ముల్లు అంటే థార్న్. చేప ముల్లుకు ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. మా పాఠాల్లో గులాబీకి ముల్లుంది, చేపకు లేదు. తెలియదని చెప్పడానికి కోటు అడ్డమొచ్చింది. "సర్, ఎ థార్న్ హాజ్ పియర్స్‌డ్ హిజ్ పామ్" అన్నాను. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు.

దొరగారు చెయ్యి మీంచి తల ఎత్తకుండా ఏదో అడిగారు. నాకు వినపడింది "ఇజిటౌట్" అని ఒకటే ముద్ద. వెనక తలుపు దగ్గర అసిస్టెంటు నన్నే చూస్తున్నాడు. వాడి ముందు మళ్ళీ చెప్పమని అడగనా?

"యస్ సర్" అన్నాను.

నూకాలు నా వెనక నిలబడి మెల్లగా, "లోపలుందని చెప్పండి బాబూ" అంటోంది. చెయ్యి విసిరి ఊరుకోమన్నాను.

దొరగారు మణికట్టు దాకా నొక్కి చూసి, నిట్టూర్చి, నాకు చెప్పవలసింది చెప్పారు. అందులో మూడు మాటలు పట్టుకోగలిగాను. చెయ్యి. తియ్యడం. రేపు ఎనిమిది గంటలకు. మళ్ళీ "యస్ సర్" అన్నాను.

వరండాలోకి వచ్చాక, మిగతాది నేనే పూరించుకొని చెప్పాను. "విషం పైకి ఎక్కుతోందిట. రేపు పొద్దున్న మణికట్టు దగ్గర చెయ్యి తీసేస్తారు."

సింహాద్రి అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేల మీద కూర్చుని, ఎడమ చేత్తో కుడి చెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకొని, "మరి వల ఎట్టా వేసేది బాబూ?" అన్నాడు.

నూకాలు మాత్రం కూర్చోలేదు. "ముల్లు తియ్యమంటే చెయ్యి తీస్తారా? లోపలుందని చెప్పారా బాబూ మీరు?"

"చెప్పాను."

"ఏమన్నారు దొరగారు?"

"నువ్వు చెబితే ఆయన వైద్యం మారుస్తాడా? అంత చదువుకున్నవాడికి తెలియదా?" అని కసిరి, నాకు కచేరీలో పనుందని వచ్చేశాను.

కచేరీలో పని పావుగంటలో అయిపోయింది. బంట్రోతు కాగితాలు తీసుకొని లోపల పడేశాడు. నాతో ఎవరూ ఇంగ్లీషు మాట్లాడలేదు. తెలుగూ మాట్లాడలేదు. రెండు గంటలకు కోటిలింగాల రేవు పక్క సందులో ఒక పూటకూళ్ళ ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. ఈ దారిన వెళ్ళేవారికి ఆ ఇల్లు చెప్పదగిందే. రెండణాలకు కూరా పచ్చడీ పులుసూ పెడతారు, మజ్జిగ పలచన.

పులుసు కలుపుకుంటూండగా ఆ ముద్ద నాలో విడిపోయింది. ఇజ్. ఇట్. ఔట్.

ముల్లు బయటికి వచ్చిందా అని అడిగారు ఆయన. వచ్చిందన్నాను నేను. ముల్లు వచ్చేశాక కూడా చెయ్యి అంతలా కుళ్ళితే ఇంకేం చేస్తారు? కోసి పారేస్తారు.

చెయ్యి విస్తట్లోనే ఉండిపోయింది. పూటకూళ్ళమ్మగారు వచ్చి, "పులుసు బాగా లేదా బాబూ?" అన్నారు. బాగుందన్నాను.

అప్పటికి మూడు కాలేదు. ఆసుపత్రి అరమైలు ఉంటుంది. లేచి వెళ్ళి ఆయనకు చెబితే సరిపోయేది. వెళ్ళలేదు. దొరగారు ఆ వేళకు ఉండరేమో అనుకున్నాను. అసిస్టెంటు లోపలికి రానివ్వడేమో అనుకున్నాను. ఇన్ని అనుకోవడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపట్లో రెండుసార్లు వెళ్ళి రావచ్చు. చివరికి రేపు పొద్దున్న ఎనిమిదికి ముందే వెళ్ళి చెబుతానని నిశ్చయం చేసుకొని, సాయంత్రం గట్టు మీద షికారుకు వెళ్ళి వంతెన పని చూశాను. ఒక మనిషి కుడిచెయ్యి నా నాలుక మీద పెట్టుకొని షికారుకు వెళ్ళాను. అసిస్టెంటును గురించి పైన అంత వెటకారంగా రాశాను గదా. అతను తిట్టినవాళ్ళు చేతులతో ఇంటికి వెళ్ళారు.

మర్నాడు ఏడింటికి ఆసుపత్రికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. వెళ్ళి చెప్పేవాణ్ణో, చూసి మళ్ళీ "యస్ సర్" అనేవాణ్ణో, ఇప్పటికీ నాకు తెలియదు. ఎందుకంటే నాకా అవసరం లేకుండా చేసింది నూకాలు.

ఆవిడ వరండా మెట్ల దగ్గర తడి చీరతో నిలబడి ఉంది. చేతిలో తామరాకు పొట్లం. తెల్లవారుతూనే రేవుకు పోయి, వలలు దులుపుతున్న గోదావరి పల్లెవాళ్ళను అడిగి, ఒక జెల్లను తెచ్చింది. ఇంకా కొట్టుకుంటోంది.

నన్ను చూసి, "మీరు చెప్పానన్నారు గాని, దొరగారి మొహం చూస్తే విన్నట్టు లేదండి" అంది. "అందుకని ఇది తెచ్చాను. దీన్ని చూస్తే ఏ దేశపోడికైనా తెలుస్తాది."

అసిస్టెంటు అడ్డంపడ్డాడు. "నో ఫిష్! నో ఫిష్ హియర్!" అని అరిచాడు. నూకాలుకు ఆ మాట అర్థమైందో లేదో గాని ఆగలేదు. అతని చంక కిందనుంచి దూరి గదిలోకి వెళ్ళింది. వెనక నేను వెళ్ళాను. దొరగారు చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నారు. బల్ల మీద సింహాద్రిని పడుకోబెట్టి ఉంచారు. పక్క పళ్ళెంలో కత్తులూ, ఒక చిన్న రంపం.

నూకాలు జెల్లను ఆ పళ్ళెం పక్కన పెట్టి, గుడ్డతో దాని మెడ పట్టుకొని, వీపు ముల్లు పైకి లేపి చూపించింది. ఒక్క విరుపున దాన్ని సగానికి విరిచింది. మొదలు అవతల పారేసింది. కొన తీసుకొని సింహాద్రి అరచేతి మీద, చీము కారే చోట పెట్టి, వేలితో లోపలికి, లోపలికి అన్నట్టు చూపించింది.

దొరగారు ఆ కొన తీసుకున్నారు. రంపపు పళ్ళు వేలికొసతో తడిమారు. వంగి, అరచెయ్యి మళ్ళీ నొక్కారు. ఈసారి ఒక చోట ఆగి అక్కడే నొక్కారు. సింహాద్రి పెట్టిన కేకకు వరండాలో వాళ్ళు లేచి నిలబడ్డారు.

దొరగారు నిటారుగా నిలబడి నన్ను చూశారు. ఈసారి ఆయన ఇంగ్లీషు పరుగెత్తలేదు. చంటిపిల్లవాడికి చెప్పినట్టు, మాట మాటకూ ఎడం ఉంచి అన్నారు. "యు టోల్డ్ మీ ఇట్ వజ్ ఔట్."

జెల్ల తోకతో బల్లను కొడుతూనే ఉంది.

"దొరగారు ఏమంటన్నారు బాబూ?" అంది నూకాలు.

దుబాసీ పని అదే గదా. ఆయన అన్నది ఆవిడకు చెప్పాలి. "ముల్లు బయటికి వచ్చేసిందని నిన్న నేను చెప్పానంటున్నారు" అన్నాను. "చెప్పాను. ఆయన అడిగింది నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పలేదు" అన్నాను.

సింహాద్రి తల తిప్పి నన్ను చూశాడు. నూకాలు ముఖంలో ఒక్క క్షణం కోపమే కనిపించింది. తరువాత దాన్ని పక్కన పెట్టేసింది. ఆవిడకు వేరే పనుంది.

"సరే. ఇప్పుడు సరిగ్గా చెప్పండి. బొటనవేలి మొదలు దగ్గర దిగింది. నిలువునా కాదు, వాలుగా, చిటికెనవేలి వైపుకు. వైద్యుడు లాగినప్పుడు అక్కడ విరిగింది. వెనక్కి లాగితే రాదు. పళ్ళు పట్టేస్తాయి. అవతల వైపు కోసి ముందుకు తియ్యాలి. మా వాళ్ళు కాళ్ళలో దిగితే అట్టాగే తీస్తారు."

నేను మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే ఆగిపోయాను. వాలుగా అనే మాట తట్టలేదు. "ఐ డు నాట్ నో ద వర్డ్, సర్" అన్నాను. ఇరవై ఆరేళ్ళ వయసులో మొదటిసారి అన్నాను. ఆకాశం విరిగి పడలేదు. దొరగారు, చూపించు అన్నట్టు చెయ్యి చాపారు. ఆయన అరచేతి మీద నా వేలితో గీసి చూపించాను. ఆయన తల ఊపి, నూకాలును చూసి, "ఇట్లు?" అన్నారు. "అట్టాగేనండి" అంది ఆవిడ. తరువాత వాళ్ళిద్దరికీ నాతో ఎక్కువ పని పడలేదు.

మత్తు ఇచ్చి మమ్మల్ని బయటికి పంపారు. అరగంట తరువాత అసిస్టెంటు తలుపు తీసి, నూకాలు ముందు నిలబడి, "ఆపరేషన్ సక్సెస్‌ఫుల్" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "పోయాడా బాబూ?"

"ముల్లు వచ్చింది. చెయ్యి ఉంది" అన్నాను. అప్పుడు కూలబడి ఏడ్చింది. అసిస్టెంటు ఇదేం మనిషి అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు.

వాళ్ళు పక్షం రోజులు అక్కడే ఉండవలసి వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక సింహాద్రిని మా రేవులో చూశాను. రెండు వేళ్ళు వంగడం లేదు. వల మిగతా మూడింటితో వేస్తున్నాడు. నన్ను చూసి దణ్ణం పెట్టాడు. అదీ ఎడమ చేత్తో కాదు, కుడి చేత్తోనే పెట్టాడు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

నేను మాత్రం ఆపరేషనైన నాటి మధ్యాహ్నమే ధవళేశ్వరం వచ్చి, మూడు గంటల పడవ ఎక్కాను. వచ్చేటప్పుడు కాలువ వాలు కనుక తాడు లాగేవాళ్ళకు పని తక్కువ. ఆనకట్ట హోరు చాలాదూరం వినిపించింది. పడవలో ఒక బెల్లం వర్తకుడూ, కూతురి పురిటికి వెళ్తున్న ఒక ముసలావిడా ఉన్నారు. ఆసుపత్రి నుంచి వస్తున్నానంటే సంగతులు అడిగారు. చెప్పాను. ముసలావిడ చెయ్యి చాపడం, చెవిపోటువాడికి ఆముదం చెబితే ఇద్దరూ నవ్వారు. సింహాద్రి సంగతి కూడా చెప్పాను. చెప్పేటప్పుడు "ఎవరో ఒక దుబాసీ" అన్నాను. నోరు అలా తిరిగింది.

వర్తకుడు చుట్ట నోట్లోంచి తీసి, "అట్టాంటివాణ్ణి ఈ కాలవలోకి తొయ్యాలండి. నాలుగు ఇంగ్లీషు ముక్కలొస్తే చాలు, తెలియదనే మాట మరిచిపోతారు" అన్నాడు. ఈ ప్రయాణం మీద నేను ఎంత రాసినా అంతకన్న సరిగ్గా రాయలేను. కనుక ఆసుపత్రికి వెళ్ళేవారికి ఆయన మాటే నా మాటగా చెబుతున్నాను. వెంట ఇంగ్లీషు వచ్చినవాణ్ణి తీసుకువెళ్ళండి, తప్పదు. కాని ముందు వాణ్ణి వాడికి తెలియని ప్రశ్న ఒకటి అడిగి చూడండి.

పడవ లాకులోకి దిగింది. వెనక తలుపులు మూశారు. నీళ్ళు తగ్గుతుంటే రెండు వైపులా పాచి పట్టిన రాతి గోడలు పైకి లేస్తున్నాయి.

"పాపం, ఎవరు బాబూ ఆ దుబాసీ? ఏ ఊరు?" అంది ముసలావిడ.

"నేనేనమ్మా" అన్నాను.

వర్తకుడు చుట్ట వంక చూసుకున్నాడు. ఆవిడ మాత్రం మొహం తిప్పుకోలేదు. నా తలపాగా, కోటు, కాళ్ళ జోడూ పైనుంచి కిందికి ఒకసారి పరకాయించి చూసింది.

"అయ్యో, చూస్తే చదువుకున్నవారిలా కనపడుతున్నారే!" అంది.